చెన్నైలో ఎంఎస్‌డబ్ల్యూ మొదటి సెమిస్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెలాఖరు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో, ఒక్కోసారి ఒంగోలు అవతల నుంచో ఎవరో ఒకరు చెన్నైలో ఎంఎస్‌డబ్ల్యూలో (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేరుతుంటారు. నేనూ అలాగే వచ్చి ఇక్కడే చదివి ఇక్కడే ఉండిపోయాను కాబట్టి, తెలిసినవాళ్లు నా నంబరు ఇచ్చేస్తారు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసిపెడుతున్నాను.

చేరే ముందు ఏ పుస్తకాలు చదవాలి?

ఏవీ అక్కర్లేదు. ఆ టైముంటే తమిళం నేర్చుకోండి.

మొదటి సెమిస్టర్‌లో అసలు ఏముంటాయి?

కాలేజీని బట్టి పేపర్ల పేర్లు మారతాయి. ఎగ్మోర్‌లోని మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, లయోలా, స్టెల్లా మారిస్ (ఇది అమ్మాయిలకే), తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీ, ఎవరి సిలబస్ వాళ్లది. అయినా ఎక్కడ చేరినా మొదట్లో కనిపించేవి దాదాపు ఇవే: సోషల్ వర్క్ చరిత్ర, విలువలు, సమాజశాస్త్రం, మనిషి ఎదుగుదల గురించి కొంత సైకాలజీ, ఒక్కొక్కరితో చేసే పని, అంటే కేస్‌వర్క్, చాలాచోట్ల గ్రూప్‌వర్క్ కూడా. వీటన్నిటి పక్కన ఫీల్డ్‌వర్క్. టైమ్‌టేబుల్‌లో అదీ ఒక పేపరులాగే కనిపిస్తుంది. కాదు. మిగతా అన్నిటి టైమునూ తినేసేది అదే.

చాలా కాలేజీల్లో వారానికి రెండు రోజులు, సుమారు 15 గంటలు ఫీల్డ్‌లో ఉండాలి. పదిహేను వారాలు నడిస్తే 225 గంటలు. ఇందులో ప్రయాణం లేదు, రిపోర్టు రాసే టైము లేదు. మొదటి రెండు మూడు వారాలు అందరినీ కలిపి రకరకాల సంస్థలకు తీసుకెళ్లి చూపిస్తారు. ఆ తర్వాత ఒక ఏజెన్సీలో, అంటే మీరు పని నేర్చుకునే సంస్థలో వేస్తారు. కొన్ని కాలేజీలు ఈ సెమిస్టర్‌లోనే ఊళ్లో రూరల్ క్యాంప్ కూడా పెడతాయి.

మరి వారాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి?

అందరూ చేసే పొరపాటు ఒకటే. పేపర్లకు గంటలు పంచేసి, మిగిలిన దాంట్లో ఫీల్డ్‌వర్క్‌ను సర్దుతారు. తిరగేసి చేయండి. ముందు ఫీల్డ్‌వర్క్ రోజులు రెండూ గీత గీసి పెట్టండి. ఆ రోజుల్లో సాయంత్రం కూడా ఇంకే పనికీ ఇవ్వకండి, అది రిపోర్టుది. సూపర్‌వైజర్‌తో వారానికోసారి జరిగే ఐసీ (మీరొక్కరే కూర్చుని మాట్లాడేది) ఏ రోజో చూసి, దాని ముందు రాత్రి కూడా కట్టేయండి. ఇప్పుడు మిగిలిందేదో అదే మీ చదువుకునే టైము. చూస్తే భయమేస్తుంది. జూలైలోనే భయపడితే నవంబర్‌లో టెన్షన్ కాస్త తగ్గుతుంది.

ప్రయాణాన్ని తక్కువగా అంచనా వేయకండి. తాంబరం నుంచి ఎగ్మోర్‌కు లోకల్ ట్రైన్‌లో ముప్పావు గంటలో వచ్చేయొచ్చు. అదే ఎగ్మోర్ నుంచి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు కణ్ణగి నగర్‌కో, పెరుంబాక్కానికో ఫీల్డ్‌వర్క్ పడిందనుకోండి, బస్సులు మారి వెళ్లడానికే గంటన్నర చేతిలో పెట్టుకోవాలి. అమ్మాయిలకు ఒక ఊరట ఉంది. 2021 మే నుంచి తమిళనాడులో మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. డీలక్స్, ఏసీ బస్సుల్లో మాత్రం కొనాల్సిందే. అబ్బాయిలు నెల పాస్ తీసుకోండి.

హాస్టల్లో ఉంటే ఇంకో పని ఉంది. ఫీల్డ్‌వర్క్ రోజుల్లో ఆలస్యంగా వస్తామని డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తెచ్చి వార్డెన్‌కు మొదటి వారంలోనే ఇవ్వండి. గేటు దగ్గర నిలబడి సోషల్ వర్క్ అంటే ఏంటో వాచ్‌మన్‌కు వివరించే పని తప్పుతుంది.

రిపోర్టు ఆ రోజే రాయాలా? ఆదివారం అన్నీ కలిపి రాస్తే?

రాయొచ్చు, నేనూ రాశాను. ఏమైందో చెప్తాను.

మొదటి సెమిస్టర్‌లో నాకు నాలుగు రిపోర్టులు పేరుకుపోయాయి. ఓ ఆదివారం టీ మీద టీ తాగి అన్నీ పూర్తి చేశాను. ఐసీలో మేడమ్ చదువుతూ ఆగారు. "ఈ ఇంట్లో తండ్రి చనిపోయాడని పోయిన వారం రాశావు, ఈ వారం తాగొచ్చి గొడవ చేశాడంటున్నావు. ఏది నిజం?" రెండు ఇళ్ల కథలు కలిపేశాను. ఆవిడ తిట్టలేదు. "ఈ రిపోర్టు చూసి ఎవరైనా వాళ్లకు సాయం చేయబోతే ఏమవుతుంది?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి నాదొక పద్ధతి. ఇంట్లో మాట్లాడేటప్పుడు వాళ్ల ముందు పుస్తకం తీయను. బయటికొచ్చాక బస్‌స్టాప్‌లో కూర్చుని పది లైన్లు రాస్తాను, అదీ తెలుగులో. వాళ్లు అన్న మాట ముఖ్యమైతే ఆ తమిళ మాటనే తెలుగు అక్షరాల్లో రాసుకుంటాను. రాత్రికి దాన్ని ఇంగ్లిష్ రిపోర్టుగా మారుస్తాను. "ఆవిడ బాధగా ఉంది" అని రాస్తే సూపర్‌వైజర్ ఒప్పుకోరు. ఆవిడ ఏమంది, మీరేమన్నారు, ఎక్కడ మాట ఆగింది, అది కావాలి. చివర్లో మీకేమనిపించిందో విడిగా రాయండి. చూసింది, అనుకున్నది ఒకే వాక్యంలో కలపకండి. ఈ ఒక్కటి పట్టుబడితే కేస్‌వర్క్ పేపరులో సగం వచ్చేసినట్టే.

ఏజెన్సీని మనమే ఎంచుకోవచ్చా?

మొదటి సెమిస్టర్‌లో మామూలుగా కుదరదు, డిపార్ట్‌మెంట్ వేస్తుంది. ప్రభుత్వాసుపత్రి పడొచ్చు, పిల్లల హోమ్ పడొచ్చు, పునరావాస కాలనీలో పనిచేసే ఎన్జీవో పడొచ్చు, స్కూలు పడొచ్చు. మానసిక ఆరోగ్యం మీద ఇష్టం ఉన్నవాళ్లు 1984లో డాక్టర్ శారదా మేనన్ మొదలుపెట్టిన స్కార్ఫ్ పేరో, 1993లో మొదలైన ది బన్యన్ పేరో విని వస్తారు, అక్కడే పడాలని కోరుకుంటారు. పడకపోతే డీలా పడకండి. రెండో ఏడాదిలో మళ్లీ అవకాశాలుంటాయి.

మార్పించుకోవడానికి గొడవపడకండి, కానీ నిజమైన ఇబ్బంది ఉంటే (ఆరోగ్యం, భద్రత, అక్కడివాళ్ల ప్రవర్తన) ఒక్క రోజు కూడా ఓర్చుకోవద్దు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్పండి, తర్వాత రాతలో ఇవ్వండి.

తమిళం ఒక్క ముక్క రాదు. ఫీల్డ్‌లో ఎలా?

మూడు నెలల్లో వస్తుంది, కాస్త సిగ్గు వదిలేస్తే. మొదటి వారానికి ఇవి చాలు: ఉక్కారుంగ (కూర్చోండి), సాప్టీంగళా (తిన్నారా), పురియల (అర్థం కాలేదు), మెదువా సొల్లుంగ (మెల్లగా చెప్పండి). చివరి రెండూ అందరికంటే ఎక్కువ వాడేది మీరే.

తమాషా ఏమిటంటే మనకు తెలిసిన మాటలే మనల్ని పడేస్తాయి. తమిళంలో "వీడు" అంటే ఇల్లు. మొదటి రోజు ఒకావిడ "ఇదు ఎంగ వీడు" అంటే, పక్కనున్న మనిషిని ఇంత చులకనగా అంటుందేంటి అనుకున్నాను. "సొల్లు" అంటే చెప్పు. మన సొల్లు కాదు. ఇల్లు అని మీకు వినిపించింది "ఇల్ల" అయ్యుంటుంది, అంటే లేదు అని.

అక్కా, అన్నా, అమ్మా ఇక్కడా అవే, ధైర్యంగా వాడండి. ముసలావిడైతే పాటి. క్లాస్‌మేట్‌ను తోడు తీసుకెళ్లి అనువాదం చేయించుకుందామంటే రెండు మూడు వారాలు నడుస్తుంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు మీ స్నేహితురాలితోనే మాట్లాడతారు, మీరు బ్యాగు పట్టుకుని పక్కన కూర్చుంటారు.

తెలుగు ఎక్కడా పనికిరాదా?

ఎందుకు పనికిరాదు! ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెప్పాలి.

చెన్నైలో తెలుగు అంటే టీనగర్, కోడంబాక్కం, షావుకారుపేట అనుకుంటాం. ఫీల్డ్‌వర్క్‌కు వెళ్తే ఇంకో తెలుగు వినిపిస్తుంది. ఈ నగరాన్ని ఊడ్చి శుభ్రం చేసే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తరాల కిందట ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. పిల్లలు బడిలో తమిళం చదువుతారు, తెలుగు రాయడం రాదు. వాళ్ల తెలుగులో యాస వేరు, తమిళం కలిసి ఉంటుంది. దాన్ని సరిదిద్దబోకండి, నవ్వకండి.

నేను తెలుగులో పలకరించగానే ఒక పెద్దాయన ముఖం వెలిగింది. ఆ వెంటనే "మీదే ఊరు? ఎవుర్లు మీరు?" అన్నాడు. ఊరు చెప్పాను. రెండో ప్రశ్న అడిగింది కులం గురించని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఒకే భాష అనగానే ఒకరికొకరం దగ్గరైపోయామని నేననుకున్నాను. ఆ పక్కనే ఉన్న దూరాన్ని ఆయన కొలుస్తున్నాడు. సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి మనుషుల్ని దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా దిగేది ఎవరి పిల్లలో ఆయనకు తెలుసు. ఇలాంటి చోట మీ కులం, మీ చదువు, మీ మాటతీరు మీతో పాటే ఆ గుమ్మంలోకి వస్తాయి. అది కూడా రిపోర్టులో రాయండి. నేను రాసిన వాటిలో సూపర్‌వైజర్ పొడుగ్గా మాట్లాడింది ఆ ఒక్క రిపోర్టు గురించే.

ఇక రెండోది, కట్టుబడి కూలీలు. ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి భవనాల పనికి వచ్చేవాళ్లున్నారు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలూ వాళ్లలో ఉన్నారు. ఆసుపత్రిలోనో, లేబర్ సైట్‌లోనో మీకు పోస్టింగ్ పడితే ఇలాంటివాళ్లు ఎదురుపడతారు. అక్కడ మీ తెలుగు ఎవరికో ఆ రోజంతటికీ అర్థమైన మొదటి మాట అవుతుంది. తెలుగు వచ్చని ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు మొదటి రోజే చెప్పండి, దాచుకోకండి.

ఏజెన్సీలో నాకెవరూ పని చెప్పడం లేదు. రోజంతా కుర్చీలో కూర్చుంటున్నాను.

అందరికీ మొదటి నెల ఇంతే. వాళ్లకు మీరు ఏటా వచ్చిపోయే విద్యార్థుల్లో ఒకరు. ఆ కుర్చీలోంచే చాలా నేర్చుకోవచ్చు: ఎవరు వస్తున్నారు, ఎవరిని నిలబెట్టి మాట్లాడుతున్నారు, ఎవరిని కూర్చోబెడుతున్నారు, ఏ కాగితం లేదని తిప్పి పంపుతున్నారు. పాత రిజిస్టర్లు చూడొచ్చా అని అడగండి. ఆయమ్మతోనూ వాచ్‌మన్‌తోనూ స్నేహం చేయండి, సంస్థ గురించి డైరెక్టర్ కంటే ఎక్కువ వాళ్లకు తెలుసు.

ఇంకొకటి, ఇక్కడి ఆఫీసుల దారి తెలుసుకోండి. మన దగ్గరలా వార్డు సచివాలయం ఉండదు. వృద్ధాప్య పింఛనుకు తాలూకా ఆఫీసు, సర్టిఫికెట్లకు ఈ-సేవై కేంద్రం. మనం డ్వాక్రా అనేదాన్ని ఇక్కడ మగళిర్ కుళు అంటారు. ఒక రోజు ఊరికే వెళ్లి క్యూలో నిలబడి చూసి రండి.

ఖాళీగా ఉన్నామన్న కంగారులో మాటలు మాత్రం ఇవ్వకండి. "పాటీ, మీ పింఛను నేను చూసుకుంటాను" అని నేను ఒకావిడకు చెప్పేశాను. ఆవిడ దగ్గర వయసు రుజువు లేదు, నాకు తాలూకా ఆఫీసు ఎక్కడుందో తెలియదు. తర్వాత ప్రతి వారం ఆ వీధి తప్పించుకుని తిరిగాను. "కనుక్కుని చెప్తాను" అనండి. నిజంగా కనుక్కుని, రాదని తేలినా వెళ్లి చెప్పండి.

వాళ్లు చెప్పిన విషయాలు స్నేహితులతో చెప్పుకోవచ్చా?

పేరు, వీధి, గుర్తుపట్టే ఏ వివరమూ వద్దు. రిపోర్టులో కూడా అసలు పేరు బదులు మారుపేరో, ఒక అక్షరమో వాడండి. ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టడం అసలే వద్దు. పిల్లల విషయంలో ఇది మర్యాదతో పోయేది కాదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం.

కానీ అన్నిటినీ దాచడం కూడా కుదరదు. ఒక పాప మీ దగ్గర లైంగిక వేధింపు గురించి చెబితే, "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను" అని ఊరుకోకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలి. మీరొక్కరే మోయకండి, ఆ నిమిషమే ఏజెన్సీ సూపర్‌వైజర్‌కూ, కాలేజీ సూపర్‌వైజర్‌కూ చెప్పండి. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. అందుకే ఎవరికైనా సరే, ముందే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి.

ఫీల్డ్ నుంచి వచ్చాక నిద్ర పట్టడం లేదు, ఏడుపొస్తోంది. నేను ఈ కోర్సుకు పనికిరానా?

ఏడుపొచ్చినంత మాత్రాన పనికిరాకుండా పోరు. కేస్‌వర్క్‌లో ఫాదర్ బీస్టెక్ చెప్పిన ఏడు సూత్రాలు చదువుతారు. అందులో ఒకటి భావోద్వేగాన్ని అదుపులో ఉంచుకుని ఎదుటివాళ్ల బాధలో పాలుపంచుకోవడం. పరీక్షకు రెండు నిమిషాల్లో రాసేస్తాం, చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఐసీ ఉన్నది రిపోర్టు దిద్దడానికే కాదు, ఇది చెప్పుకోవడానికి కూడా. సూపర్‌వైజర్‌తో కుదరకపోతే కాలేజీ కౌన్సెలర్ ఉంటారు. రాత్రి వేళైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. తెలుగులో కూడా మాట్లాడొచ్చు. రేపు మీరు ఇతరులకు ఇవ్వబోయే నంబరే, ఒకసారి మీరు వాడితే తప్పేం లేదు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌లో రాయగలనా?

రాయగలరు. చిన్న వాక్యాలు రాయండి. అలంకారం లేని ఇంగ్లిష్‌లో నిజంగా చూసింది రాసిన రిపోర్టు, ఎక్కడినుంచో కాపీ కొట్టిన పేరాలతో నిండిన రిపోర్టు కంటే ఎప్పుడూ మేలు. సీనియర్ల పాత రిపోర్టులు అడిగి తీసుకోండి, చూసి పద్ధతి నేర్చుకోవడానికి మాత్రమే.

ఫీజు, స్కాలర్‌షిప్, సర్టిఫికెట్ల సంగతి?

ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. మన రాష్ట్రంలో బీసీ అయినా ఎస్సీ అయినా, తమిళనాడులో రిజర్వేషన్ లెక్కకు వచ్చేసరికి బయటి రాష్ట్రం వాళ్లను మామూలుగా ఓపెన్ కోటాలోనే చూస్తారు. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల ప్రకారం, విద్యార్థి ఏ రాష్ట్రం వాడైతే ఆ రాష్ట్రమే స్కాలర్‌షిప్ ఇవ్వాలి. కాబట్టి సీటు రాగానే మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి, బయటి రాష్ట్రంలో చదివితే ఏమేమి కావాలో కనుక్కోండి. చేరాక చూద్దామంటే ఆలస్యమైపోతుంది.

డిగ్రీ చదివిన యూనివర్సిటీ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ తెచ్చుకోండి. ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కావాలా అని కాలేజీని అడగండి. మద్రాస్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకు బయటి డిగ్రీ వాళ్లు ఇది తీసుకోవాల్సి వస్తుంది.

పార్ట్‌టైమ్ ఉద్యోగం?

మొదటి సెమిస్టర్‌లో వద్దు. తప్పనిసరైతే శని, ఆదివారాల్లో ట్యూషన్లు, అంతే.

స్పెషలైజేషన్ ఇప్పుడే తేల్చుకోవాలా? అందరూ హెచ్‌ఆర్ తీసుకోమంటున్నారు.

చాలాచోట్ల రెండో ఏడాదిలో అడుగుతారు. హెచ్‌ఆర్‌లో ఉద్యోగం త్వరగా రావచ్చు, అది తప్పేమీ కాదు. కానీ ఆసుపత్రి వాసన పడదనో, పిల్లలతో ఓపిక లేదనో మీకు తెలియాల్సింది ఈ సెమిస్టర్‌లోనే. ఆ చిన్న చిన్న విషయాలు రిపోర్టు వెనక పేజీలో రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది ఎవరి సలహా అక్కర్లేదు.

"సేవ చేయడానికి కూడా డిగ్రీ కావాలా?" అని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మా నాన్న కూడా ఇదే అన్నారు. ఆయనకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెప్పాను. రాజమండ్రిలో పుట్టిన మనిషి, 1937లో ఈ మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభ పెట్టారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. అడయార్ వైపు ఆవిడ పేరుతో రోడ్డే ఉంది. ఆ మరుసటి ఏడాదే మేరీ క్లబ్‌వాలా జాదవ్ మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలుపెట్టారని కూడా చెప్పబోయి లెక్క తప్పాను. స్కూలు పుట్టింది 1952లో, బోర్డు కంటే ఒక ఏడాది ముందే. నాన్న లెక్కల మాస్టారు, పట్టేశారు. కానీ వినడం విన్నారు. మీ ఇంట్లో చరిత్ర పనిచేయకపోతే, ఆసుపత్రుల్లోనూ పిల్లల సంరక్షణ విభాగాల్లోనూ ఈ డిగ్రీ అడిగే ఉద్యోగ ప్రకటనలు నాలుగు చూపించండి.

వానల్లో ఫీల్డ్‌వర్క్ ఆగిపోతే గంటలు ఎలా?

మన దగ్గర చాలా జిల్లాల్లో వానలు జూన్‌లో మొదలైతే, చెన్నైకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. సరిగ్గా మీ సెమిస్టర్ చివరి నెలలు. కలెక్టర్ సెలవు ప్రకటిస్తారు, దానికి దీపావళి సెలవులు తోడవుతాయి, గంటలు మాత్రం మిగిలే ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే అదనంగా కొన్ని రోజులు చేసి పెట్టుకోండి. అదనపు గంటలు లెక్కలోకి వస్తాయా అని ముందే రాతలో అడగండి. 75 శాతం హాజరు సంగతి క్లాసులకు. ఫీల్డ్‌వర్క్‌లో పోయిన రోజును తిరిగి చేయాల్సిందే. ఫీల్డ్‌వర్క్ తప్పితే చిన్న అరియర్‌తో పోదు. (మనం బ్యాక్‌లాగ్ అనేదాన్ని ఇక్కడ అరియర్ అంటారు.)

సెమిస్టర్ అయిపోయాక ఏజెన్సీ నుంచి ఎలా రావాలి?

చెప్పి రావాలి. ఇది ఎవరూ ప్లాన్ చేయరు. చివరి వారం ఇంటర్నల్స్, వైవా హడావిడిలో ఫీల్డ్‌కు వెళ్లకుండా ఆపేస్తారు. మీరు వెళ్తున్న ఇళ్లకు మూడు వారాల ముందే మీ చివరి రోజు ఏదో చెప్పండి. చిన్నపిల్లలైతే క్యాలెండర్ మీద ఆ తేదీకి సున్నా చుట్టి చూపించండి. "మళ్లీ వస్తాను" అనకండి, రారు కాబట్టి. ఒక్కో ఇంటి గురించి ఒక పేజీ రాసి ఏజెన్సీ ఫైల్లో పెట్టండి: ఏం జరిగింది, ఏ కాగితం ఎక్కడ ఆగింది, ఎవరిని కలవాలి. నేను వదిలేసి వచ్చిన ఆ పింఛను కాగితం, నా తర్వాత వచ్చిన జూనియర్ ఆ ఒక్క పేజీ చూసే తాలూకా ఆఫీసుకు తీసుకెళ్లింది.